ఇయాల సొట్ట తీయను

కూకో అసిరీ, ముందు కూకో.
ఆ టైరు మీద కాదు, బల్ల మీద.
సైకిలు గోడకి ఆనించీ, ఎక్కడికీ పోదది.
ముందు సక్రం ఎనిమిదంకె అయిపోయింది,
పోదామన్నా పోనేదు.

సూసినాను, ఈ రేకుల షెడ్డులోంచే.
రణస్థలం జంక్షన్ కాడ
పైడిభీమవరం ఫేక్టరీ మొదటి షిఫ్టుకి
తలకి తువ్వాలు సుట్టుకుని తొక్కుతన్నావు.
తెల్లకారు, గంట కొట్టినా ఇనకండా
నీ ముందునుంచి ఎడమకి కోసీసింది.
పడ్డావు.
పడ్డోడివి పడినట్టు ఉండక
గభాలున నెగిసి, పేంటు దులుపుకొని
కారాయనకి దండం పెట్టినావు.
ఏటీ అవనేదు బాబూ, ఎల్లండి, అన్నావు.

ఎవుడు నేర్పినాడురా మనకీ మాట?
మోకాలు సీరుకుపోయి
నెత్తురు జోడులోకి కారతంటే
ఏటీ అవనేదంట!
తెల్దు బాబూ, డాక్టరు సెప్పాల, అను.
అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువొద్దు.
తప్పు నాదే అని అసలొద్దు.

నంబరు నువ్వు సూళ్ళేదు,
కళ్ళు బైర్లు కమ్ముంటాయి.
కాగితం దొరక్క, సుద్దముక్కతో
ఈ పాత ట్యూబు మీద రాసినాను.
సివరంకె మూడో ఎనిమిదో, అక్కడే నాకు అనుమానం.
టీకొట్టు నీలవేణి కూడా సూసింది,
అడుగు, పేరూ ఫోనూ ఇప్పుడే రాయించుకో.
సాయంత్రమైతే ఎవుల పనులు వాళ్ళవి.

ఆ జేబులోది తియ్యి.
అయిదొందలు.
పారేయమన్ను, నీ ఇంటి సంగతి నాకు తెల్దా?
కానీ మార్చకు, మడత ఇప్పకు.
ఆ నోటుతోపాటు 'సరిపోయింది' అనే మాట కూడా
నీ జేబులో కుక్కీసి ఎల్లిపోనాడాయన.

బేగి సొట్ట తీసీ మామా, గేటు మూసెస్తారు, అంటావు.
తీయను.
ఆ రిమ్ము ఇప్పుడు నీకన్నా బాగా మాటాడతాది.
ఎటునుంచి తగిలిందో, ఎంత జోరున తగిలిందో
ఇరిగిన ఆరు పుల్లలూ సెప్తాయి.
మడ్‌గార్డుకి అంటిన ఆ తెల్లరంగు సూడు,
గుడ్డెట్టి తుడవనైనా తుడవను.
టేసన్లోవోళ్ళు సూడాల, ఫోటో తియ్యాల,
అందాక దీని మీద నా పాన పడదు.

ఏటి మామా ఇంత మొండితనం, అంటావు.

పదకొండేళ్ళయింది. ఇదే బల్ల.
జీరుపాలెం తవిటయ్య,
ఎండుసేపల బుట్ట కేరేజీకి కట్టుకొని వొచ్చీవోడు.
వేను తగిలింది.
సెవి పైన సిన్న బొప్పి, అంతే.
నవ్వుతానే ఉన్నాడు,
బేగి తియ్యరా, సంత ఇడిసిపోతాది, అన్నాడు.
తీసినాను.
పుల్లపుల్లకీ బిగింపు సూసి, తిప్పి తిప్పి
ఎంట్రుకంత వొంకరైనా నేకండా.
అంత బాగా మళ్ళీ ఎప్పుడూ తీయనేదు.
ఇరవై రూపాయలిచ్చినాడు.
చిలకపాలెం దాటినాక వాంతి అయ్యిందంట.
దీపాలెట్టినేళకి మాట పడిపోయిందంట.
ఆడి పెళ్ళాం నాలుగు వారాలు తిరిగింది,
వేను గుద్దిందయ్యా, వేను గుద్దిందయ్యా అని.
ఏదీ సైకిలు, అన్నారంట.
సైకిలు బాగుంది.
ఎవుడు సూసినా
దీనికేటీ అవనేదమ్మా, అన్నాడంట.

ఆ ఇరవై ఏటి సేసేనో గుర్తునేదు.
టీ తాగుంటాను.

సరే, తువ్వాలిప్పు, తల సూడనీ.
నొప్పి ఇప్పుడు తెల్దురా, ఒళ్ళు ఏడిగా ఉంటాది,
రేతిరికి తెలుస్తాది.
ఇంటికాడ సెప్పు, పడుకున్నాక రెండుసార్లు నేపమని,
నేపి, పేరడగమని.
సూపరైజరుకి నాను ఫోను సేస్తాను,
షిఫ్టు పోతే పోనీ.

ఇలా సూడు, నా ఏలు కేసి.
ఇయాల ఏ వారం?

బుధవారమా?

నైటూ డేలూ మారీవోడికి
వారాలు తప్పడం మామూలేలే.
ఏటీ కాదులే.

నీలవేణీ, ఆ ఆటో ఆపు.
ఆపు, బేగి.