నాలుగు సున్నాలు

దసరా బోనసు బదులు
షెడ్డు మొత్తానికీ కలిపి ఒక స్పీకరిచ్చారు.
సొరకాయంత ఉంటుంది, నల్లగా.
మా గెలాక్సీ పలక పక్కన పెడితే
రాయే మెరుస్తుంది.

చీమకుర్తిలో రాతిపొడి పడని వస్తువు లేదు.
రెండో రోజుకే దాని జల్లెడ మూతి తెల్లబడింది.
ఆదెమ్మ కొంగుతో తుడిచి
"ముక్కు మూసుకపోతే ఎట్టా పాడుద్ది పాపం" అంది.

జత చెయ్యడం నాకొక్కడికే వచ్చు.
ఒంగోలు ఐటీఐలో రెండేళ్ళు వైర్లు చుట్టినందుకు
ఇక్కడ దక్కిన మర్యాద అది.
"బొత్తాం నొక్కి పట్టుకో. వదలబాక.
నీలం లైటు మిణుకుమిణుకుమనాల.
ఇప్పుడు ఫోనులో వెతుకు. పేరు కనపడిందా?
దాని మీద వేలు పెట్టు.
నంబరడిగితే నాలుగు సున్నాలు."

"నాలుగు సున్నాలా?
ఇది నా బ్యాంకు బుక్కు యాడ చూసిందిరా!"
మాలకొండయ్య నవ్వితే
మీసాల్లోంచి దుమ్ము రాలింది.

అన్నాల వేళ మిషన్లు ఆగుతాయి.
చెవుల్లో మాత్రం రంపం తిరుగుతూనే ఉంటుంది.
అప్పుడు మొదలవుద్ది తగువు.
ఖాజావలి ఫోను పట్టుకున్నాక
అది ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వదు.
బిపిన్‌ది గంజాం. వాడి వంతు వచ్చిన రోజు
ఒడియా పాటకి ఆదెమ్మ గోంగూర కలుపుతా తలూపుద్ది.
"ఎవురో ఎవుర్నో పిలస్తన్నార్లే" అంటది.
ఫోను జేబులో వేసుకుని కొళాయి దాకా పోతే
పది బారలు దాటీ దాటకముందే
పాట నడుం విరిగి పడిపోద్ది.
"ఒరే, మనిషిని యాడికి పోనిచ్చావురా, పాట ఆగింది!"
కడుక్కుంటున్న చేతులతోనే పరిగెత్తుకొస్తాడు.

దానికి ఎనిమిది పేర్లు గుర్తుంటాయంట.
తొమ్మిదోది వస్తే పాతది ఒకటి చెరిపేస్తదంట.
ఎవరిది చెరిపిందో చెప్పదు.

జనవరిలో జెండా పండగనాడు
ఆఫీసు కంప్యూటరుకి కలపమన్నారు, కలిపాను.
వందనం అయినాక విడదీయడం మరిచాను.
లడ్డూలు పంచుతున్నారు మరి.

ఫాల్గుణం చివర, ఒక మంగళవారం.
ఖాజావలి ఫోను చార్జింగు అయిపోయి
పాట మధ్యలో చచ్చిపోయింది.
స్పీకరు కాసేపు మిణికింది.
తర్వాత లోపలి ఆడమనిషి గొంతు, "కనెక్టెడ్."
ఎవరిదిరా అని ఫోన్లు చూసుకున్నాం.
ఎవరిదీ కాదు.

ముందు ఎవరో దగ్గారు.
"కోదండపాణీ, వింటన్నావా?
ఆర్డర్లు లేవు. రెండో లైను ఆపెయ్.
పన్నెండు మంది.
ఉగాది దాటినాక చెప్పు, ముందు చెప్పబాక.
వింటన్నావా?"

రేకు గోడ అవతల మేనేజరు అరుస్తున్నాడు.
"హలో! సార్! హలో!
కనపడతన్నారు సార్, మాట రావటంల్యా!"

గోంగూర ముద్ద చేతిలోనే ఉంది ఆదెమ్మకి.
మాలకొండయ్య వేళ్ళ మీద లెక్కేశాడు,
పదకొండు దాకా వచ్చి
పన్నెండోదానికి తన గుండె మీద చెయ్యేసుకున్నాడు.
బిపిన్ నా మొహం వైపు చూశాడు.
నేను ఏ లైనులోనూ లేను, కరెంటోణ్ణి.
ఆ మాట అప్పుడు పైకి అనలేదు.
ఇప్పటికీ అనలేదు.

బొత్తాం నొక్కబోయాను, ఆపేద్దామని.
"ఉండబ్బాయా" అంది ఆదెమ్మ.
చెయ్యి కడుక్కుంది.
ఊరికే నీళ్ళు పోసుకోవడం కాదు,
గోళ్ళలో రాతిపొడి పోయేదాకా కడుక్కుంది.
స్పీకర్ని చంకనేసుకుని
ఆఫీసు మెట్లెక్కింది.
వెనక మేము.

కంప్యూటరు ముందు పెట్టింది.
"మీ మాట దారి తప్పి మాకాడికొచ్చిందయ్యా.
తెచ్చిచ్చి పోదామని."

కోదండపాణి గారు లేచి నిలబడ్డాడు,
తెర వంకా మా వంకా చూస్తూ.
బల్ల మీద నల్లటి సొరకాయ మళ్ళీ అడిగింది,
"వింటన్నావా?"

"వింటన్నామయ్యా" అంది ఆదెమ్మ.

అటు వైపు గొంతు లేదు.
నీలం లైటు మాత్రం మిణకటంల్యా,
నిలబడి వెలుగుతా ఉంది.