కాకిలెక్క

హంగరీలో, తీసా నది వంపులో ఒక ఊరు.
అక్కడ కాకి అరుపు పేరు కార్.
నష్టానికీ ఆ మాటే.
కప్పు చేజారి పగిలినా
కుదిరిన పెళ్లి తప్పిపోయినా
పెదవి విరిచి, కార్, అంటారు,
మనం అయ్యో అన్నట్టు.

విదోర్ ఆ మాట మీదే బతికాడు.
బీమా కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు
అతని హోదా పేరులోనే అది ఉండేది.
వడగళ్లు కురిసిన మర్నాడు
రబ్బరు బూట్లేసుకుని చేలో దిగి
తల తెగిన పొద్దుతిరుగుళ్లను
సాలు సాలుకీ లెక్కపెట్టేవాడు.
నూటికి నలభై. నూటికి అరవై రెండు.
వెనక కరెంటు తీగ మీద
కార్, కార్,
గొంతులో గరుకు కాగితం రుద్దినట్టు.
బోరిష్కా అనే ముసలామె ఓసారి అంది,
"వాటికి సంతకం పెట్టడం వచ్చుంటే
నిన్ను పిలిచేదాన్నే కాదు."

తొంభై ఎనిమిదిలో తమ్ముడి చేను.
గెదెయోన్ పక్కనే నడిచాడు, మాట్లాడకుండా,
అన్న పెన్సిలు వైపు చూస్తూ.
ముప్పై ఐదు, అని రాశాడు విదోర్.
ముప్పై ఐదే ఉంది మరి.
మనవాళ్లయితే కాకిలెక్కలని తిట్టిపోసేవాళ్లు.
తమ్ముడు ఏమీ అనలేదు.
ఆ వేసవి నుంచీ ఏమీ అనలేదు.

రోడ్డుకి ఇటు ఒక ఇల్లు, అటు ఒకటి.
మధ్యలో తారు.

ఈ నవంబర్లో కాకులు మళ్లీ వచ్చాయి
తూర్పు మంచులోంచి, గుంపులు గుంపులుగా.
పార్కులో ఆకుల్లేని చెట్లు నల్లగా కాశాయి.
మునిసిపాలిటీ వాళ్లు స్పీకర్లో డేగ కేక వినిపించారు.
మొదటి రోజు లేచిపోయాయి.
మూడో రోజు స్పీకరు మీదే కూర్చుని
దానికి జవాబు చెప్పాయి.

నా చెవికి మాత్రం కావు అనే వినిపిస్తుంది.
కాపాడమనా, కాదనా,
చిన్నప్పటి నుంచీ తేల్చుకోలేదు నేను.

పొద్దున్నే ఒక కాకి
గెదెయోన్ చెట్టు కిందనించి అక్రోటు కాయ తెచ్చి
రోడ్డు మీద వదిలి, పక్కకి తప్పుకుంది.
ఏడున్నర బస్సు దానికి తెలుసు.
ఇటు గేటు దగ్గర పాలసీసాతో విదోర్,
అటు చీపురుతో గెదెయోన్.
బస్సొచ్చింది. చిటుక్కుమంది.
కాకి దిగి, తల వంచి చూసింది.
సగం తారులో కలిసిపోయింది.
కార్.

"ఎంత శాతం?" అన్నాడు గెదెయోన్
చీపురుతో మాట్లాడుతున్నట్టు.

విదోర్ పాలసీసా కింద పెట్టాడు.
మోకాలు పట్టుకుని వంగాడు,
నిజంగానే లెక్కపెట్టడానికి.