అచ్చుతప్పు

జోంబా కొండ మీది పొగమంచు దిగొచ్చి
ప్రభుత్వ ముద్రణాలయం కిటికీలకు అంటుకునే వేళ
ప్రూఫు వచ్చింది.
మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు.
జనరేటరు దగ్గుతుంది, ఆగుతుంది, మళ్లీ దగ్గుతుంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా నా పని ఇదే.
దేశం ఏం చెప్పిందో నాకనవసరం.
చెప్పింది చెప్పినట్టు పడిందా లేదా, అంతవరకే.
ఒక కామా జారిపోయినందుకు ఓసారి జీతంలో కోత పెట్టారు.
ఆ కామా చేపల సంత పన్నులోది,
చేపలు కూడా చదవని చోటు.

ఈ రాత్రి గెజిట్టు పలచన. ఆరు పేజీలు.
అవినీతి నిరోధక చట్టానికి సవరణ.
పద్నాలుగో సెక్షను, మూడో వాక్యం:
ఫిర్యాదు అందిన ముప్పై రోజుల్లో విచారణ
"జరపవలెను" అన్నచోట "జరపవచ్చును".

అంతే.
తలుపు పీకలేదు, తాళం పగలగొట్టలేదు.
గడియను మాత్రం
దొంగ ఉన్న వైపుకి మార్చారు.
అడుగున చిన్న అక్షరాల్లో:
ఇది గత ఏడాది నుంచే అమల్లో ఉన్నట్టు భావించాలట.
నిన్నటికి కూడా మాఫీ కావాలి వాళ్లకి.

మా చట్టాలు ఇంగ్లీషులో పుడతాయి.
మా ఆకలి చిచేవాలో మాట్లాడుతుంది.
రెంటికీ మధ్య ఒక మాట ఉంది, కంగాచేపే.
ఎంత కొంచెమైనా సరే, అని.
ఆసుపత్రి గేటు దగ్గర, చెక్‌పోస్టు దగ్గర
అరచేతిలో మడిచిన నోటుకి ఆ పేరు.
పాపం, కొంచెమే అడుగుతారు.
పెద్దది కావలసినవాళ్లకి మాట చాలదు,
వాక్యం కావాలి.

మా చెల్లెలి కొడుకు తియామికే
వంతెన పనిలో సిమెంటు లెక్క రాసేవాడు.
బస్తాకి మూడు పాళ్లు ఇసుక, అంది కాగితం.
తొమ్మిది, అంది పార.
వాడు పార చెప్పింది రాశాడు.
మొదటి వానకే వంతెన నడుం విరిగింది.
మీద ఎవరూ లేరని రేడియో చెప్పింది.
ఒక సైకిలు ఉంది. దాని మీద బొగ్గు బస్తాలు.
వెనక నుంచి తోస్తూ ఒక మనిషి.

పని పోయి ఇప్పుడు నా వంటింట్లో పడుకుంటున్నాడు,
ఫిర్యాదు నకలు మొక్కజొన్నపిండి డబ్బా కింద పెట్టుకుని.
ఇరవై ఆరు రోజులైంది.
"పెద్దమ్మా, ఇంకా నాలుగున్నాయి కదా" అన్నాడు పొద్దున.
గోళ్లలో సిమెంటు ఇంకా పోలేదు.

ఎర్ర పెన్ను మూత తీశాను.
రాతప్రతి ఒక పక్క, ప్రూఫు ఒక పక్క.
కంపోజింగు కుర్రాడు గ్వాజా, నిద్రమత్తులో,
ఆ లైను పాతదే కొట్టాడు.
వలెను.
వేళ్ల అలవాటు. వాడికి రాజకీయం తెలీదు.

నా పెన్ను ఆ మాట మీద ఆగింది.
జనరేటరు కూడా ఆగింది.
చీకట్లో దిద్దడం కుదరదు కదా.
సొరుగులో కొవ్వొత్తి ఉంది.
ఉందని నాకు తెలుసు.

"అచ్చుతప్పులు లేవు" అని రాసి, తడుముకుంటూ
సంతకం పెట్టాను.

శుక్రవారం నుంచి మళ్లీ శుక్రవారం దాకా
ఒక తప్పు మా దేశంలో చట్టమై బతికింది.
సవరణకు సవరణ పడేలోపు
బ్లాంటైర్‌లో ఎవరో గుమాస్తా, నేనెప్పుడూ చూడని మనిషి,
వలెను అని ఉంది కదా అనుకుని
వంతెన దస్త్రానికి నంబరు వేసింది.
నంబరు పడ్డంత మాత్రాన ఏమవుతుందో తెలీదు.
చెరపాలంటే మాత్రం ఇంకో సంతకం కావాలి.
ఆ సంతకానికి ఒక పేరుండాలి.

నాకు మెమో వచ్చింది.
నిర్లక్ష్యం, అని.
మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను, అని.
మా వంతుకి వలెను ఇంకా మిగిలే ఉందన్నమాట.
అందులో రెండు తప్పులున్నాయి.
ఒకటి నా పేరులోనే, నాచిసాలేలో ఒక అక్షరం మింగేశారు.

ఎర్ర పెన్నుతో రెండూ దిద్ది
తిరిగి పంపించాను.