నాలుగో భాగం ఎటువైపు

రిచీ స్ట్రీట్‌లో మా దుకాణం వెడల్పు
మనిషి రెండు చేతులు చాపితే సరి.
అందులోనే నేనూ, సోల్డరింగ్ పొగా,
మూలన మూలిగే టేబుల్ ఫ్యానూ,
ఇవాళ సాయంత్రం నుంచి
పదకొండు భాగాల ఒక ఆటా.

పెట్టె మీద పేరు జపానీలో ఉండేది.
బర్మా బజార్‌లో అమ్మినవాడికీ రాదు, కొన్న మాకూ రాదు.
బొమ్మలో పిల్లాడి చేతిలో లాంతరుంది కనక
పెరంబూరు రైల్వే క్వార్టర్సంతా వాణ్ణి
లాంతరోడు అన్నాం.
ఇప్పుడు అసలు పేరు తెలుసు.
తెలిసినా నోటికి రాదు.

తేజోవర్ధన్ వచ్చాడు, పాలిటెక్నిక్ కుర్రాడు.
లాప్‌టాప్‌లో పట్టిక తెరిచాడు.
ఒకటి నుంచి మూడు ఆది యుగం, పసుపు.
ఐదు నుంచి ఎనిమిది మధ్య యుగం, నీలం.
తొమ్మిది తర్వాత నవీనం, దానికింకా రంగు దొరకలేదు.
నాలుగో గడి మాత్రం తెల్లగా ఉంది.
"అక్కా, ఇది పాతదానికి చివరా, కొత్తదానికి మొదలా?"

చిక్కే మరి.
నాలుగులో దారులన్నీ పాతవే,
అట్టముక్క కత్తిరించినట్టు అవే చెట్లు,
కానీ లాంతరోడికి మొదటిసారి
నీడ వచ్చింది.

మా అన్న యతిరాజు అయితే తడుముకోడు.
వాడికి యుగమంటే మెషీన్:
ఊది పెట్టేవి, తుడిచి పెట్టేవి,
డబ్బు కడితే గాలిలోంచి దిగేవి.
పై అంతస్తు ఫర్జానా చెవితో కోసేది.
ఆరో భాగంలో బావి దగ్గరి పాట మార్చారు,
ఆ రోజుతో నాకు ఆట అయిపోయింది, అనేది.
పదకొండూ పూర్తి చేసి మరీ అనేది.
చెంగల్రాయుడి లెక్క ఇంకా సుళువు:
వాడు గెలిచినవి ఒక కాలం,
ఓడినవి కలికాలం.

ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఆరేళ్లు ఏమీ రాలేదు.
ఆ ఆరేళ్లను ఎవరూ ఏ యుగంలోనూ వేయరు.
నేను సోల్డరింగ్ నేర్చుకున్నది అప్పుడే.

నాకంటూ ఒక లెక్క ఉంది, ఎవరికీ చెప్పలేదు.
ఒకే కంట్రోలర్ కోసం కొట్టుకున్న భాగాలు.
రెండు కంట్రోలర్లుండీ
పక్కన ఎవరూ కూర్చోని భాగాలు.
ఆ గీత ఎక్కడ పడిందో ఏ పట్టికా చూపదు.
ఏడు ఆడుతుండగా, ఒక మంగళవారం,
నీళ్ల లారీ వచ్చిందని లేచి వెళ్లినవాళ్లు
బిందెలతో వెనక్కొచ్చారు గానీ
ఆటకి రాలేదు.

తేజోవర్ధన్ సంచీలోంచి నాలుగో క్యాసెట్ తీశాడు.
వాళ్ల మేనత్తది. లోపలి బ్యాటరీ ఇవాళో రేపో.
అది చస్తే ఆవిడ దాచుకున్న ఆట
పాతికేళ్లుగా నిలబడ్డ వంతెన మీద నుంచి
లాంతరుతో సహా మాయం.

స్క్రూలు విప్పాను.
పాతదాని కాళ్లకు పక్కనుంచి రెండు తీగలు,
తీగల చివర అరువు కరెంటు.
"పట్టుకో. దగ్గొచ్చినా కదలకు."
ఫ్యాన్ ఆపాను. చెమట కణత దాటి గడ్డం దాకా వచ్చింది.
పాతది వదిలేసింది,
కొత్తది ఇంకా కూర్చోలేదు,
మధ్యలో ఆ పిల్లాడు వంతెన మీద
ఎవరి నూనెతో వెలుగుతున్నాడో.
"ఇది ఏ యుగంరా?" అన్నాను.
వాడు జవాబు చెప్పలేదు. దగ్గు ఆపుకుంటున్నాడు.

టీవీకి తగిలించాం.
మూడు పేర్ల జాగాలో మొదటిది ఖాళీ, రెండోది ఖాళీ.
మూడో వరుసలో మూడక్షరాలు.
"మా అత్త పేరు కాదే," అన్నాడు.
మళ్లీ చదివాడు. ఫోన్ తీశాడు,
ఎవరికో చేయబోయి జేబులో పెట్టుకున్నాడు.
నాలుగో గడి తెల్లగానే ఉంచి లాప్‌టాప్ మూశాడు.

రెండొందల ఎనభై అడిగాను.
రెండొందలిచ్చి, మిగతాది రేపన్నాడు.
సరేనన్నాను.
వీధి చివర ఎవరో షట్టర్ దించుతున్నారు,
సగంలో ఇరుక్కుంది.