పావు తిప్పు

డబ్బో ఆసుపత్రిలో నేను తీసే ఎక్స్‌రేల్లో
సోమవారానివి వేరే రకం.
పచ్చి రెమ్మని వంచినట్టు ముంజేతి ఎముక
ఒక పక్క చిట్లి, ఒక పక్క పట్టుకుని ఉంటుంది.
"ఎలా పడ్డావు నాన్నా?"
"బైక్ మీంచి," అంటాడు తొమ్మిదేళ్లవాడు,
ఏడుస్తూ కాదు, కొంచెం గొప్పగా.

అలాంటి నేను
శనివారం పొద్దున్నే కూతురికి బైక్ కొనడానికి బయల్దేరాను.

తరళకి ఏడేళ్లు.
దాని క్లాసులో సగం మందికి పొలాలు,
పొలాలన్నిటికీ బైకులు.
పుట్టినరోజులకి వెళ్లి, కంచె బయట నిలబడి చూసి చూసి
ఒంటి నిండా ఎర్ర దుమ్ముతో, ఒకే ఒక్క ప్రశ్నతో ఇంటికొచ్చేది.
ఏడాది పాటు "చూద్దాం" అన్నాను.
"చూద్దాం" అంటే "లేదు" అని
తెలుగులో అది నేర్చుకున్న మొదటి వ్యాకరణం.

"కొంచెం పెద్దదే తీసుకుందాం," అన్నాడు ఫణి, నారోమైన్ దారిలో.
"ఎదిగే పిల్ల. రెండేళ్లకి మళ్లీ కొంటామా?"
మా ఇళ్లల్లో అన్నీ అలాగే కొన్నారు:
ముందు దూది కుక్కిన బూట్లు,
అంచు లోపలికి మూడు మడతలు కుట్టిన స్కూలు గౌను.
ఏడాదికో మడత విప్పేది అమ్మ.
విప్పిన చోట ముదురు రంగు గీత ఒకటి
పోయినేడు ఎక్కడిదాకా ఉన్నానో
ఊరందరికీ చెప్పేది.
పిల్లల ఎముకల చివర కూడా సన్నటి నల్ల గీత ఉంటుంది,
ఇంకా మూసుకోని ఎదుగుదల.
రోజూ చూస్తాను. ఇంకా విప్పని మడత అనుకుంటాను.

బెవ్ షెడ్డులో రెండు బైకులు.
నీలంది నిగనిగలాడుతోంది.
తరళ ఎక్కింది. బొటనవేళ్లు గాల్లో నేలని వెతికాయి.
ఫణి నా వైపు చూశాడు: వచ్చే ఏడాదికి సరిపోతుంది.
"వచ్చే ఏడాది పిల్ల ఇక్కడికి రాలేదుగా," అంది బెవ్,
గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.
"వచ్చింది ఈ పిల్ల."

ఎర్రదానికి రంగు పోయింది, సీటుకి టేపు చుట్టి ఉంది.
మడ్‌గార్డు కింద నలుగురు మనవల పేర్లు, మేకుతో గీసినవి.
తరళ కూర్చుంది అయిష్టంగా.
రెండు పాదాలూ, మడమలతో సహా, నేల మీద.
మా పిల్లకి నిన్నటిదీ రేపటిదీ కాకుండా
ఇవాళ్టి కొలత నేను చూడటం అదే మొదలేమో.

"హెల్మెట్ మాత్రం ఎవరిదీ తీసుకోకు, కొత్తది కొను," అంది బెవ్.
తర్వాత యాక్సిలరేటర్ దగ్గర చిన్న స్క్రూ చూపించింది.
బిగిస్తే బండి నడుస్తుంది, విప్పితే పరిగెడుతుంది.
"పిల్ల నిలబడి తోలడం నేర్చాక పావు తిప్పు.
మళ్లీ అడిగితే వెంటనే తిప్పకు.
అడగడం మానేసిన రోజున తిప్పు."
ఫణి బేరమాడితే వంద డాలర్లు తగ్గలేదు గానీ
ఒక పాత స్క్రూడ్రైవరు వచ్చింది.

షెడ్డు వెనక గడ్డి కోసిన నేల.
పది గజాలు పోయింది. పక్కకి ఒరిగింది. దుమ్ము.
నేను పరిగెత్తుతూనే లెక్కపెట్టాను,
మణికట్టు, మోచెయ్యి, జత్రువు,
వేళ్లు కదుపు, తల ఇటు తిప్పు—
"అమ్మా, జరుగు," అంది తరళ. "బండికేమైందో చూడనీ."

సోమవారం టేబుల్ మీద ఇంకో కుర్రాడు.
వంగితే నా జేబులోంచి జారి పడింది.
"అదేంటి?"
"స్క్రూడ్రైవరు. మా అమ్మాయి బైక్‌ది."
వాడికి వెంటనే అర్థమైపోయింది.
"ఎన్ని తిప్పులు?"
"ఇంకా పావు కూడా కాలేదు."
"నాది మొత్తం విప్పేశారు," అన్నాడు,
వాచిన చెయ్యి పలక మీద పెడుతూ.

కదలకు, అన్నాను.
నేనూ కదల్లేదు.