లెత్రాస్ కనుమ

మూడో రోజూ అదే వాన.
బ్రేకు రబ్బర్లు అరిగి, ఇనుము ఇనుమును కొరుకుతోంది.
ముందెవరున్నారో మబ్బుకే తెలియాలి.
మలుపు మలుపుకీ యామిలే ఈల వేస్తుంది,
వెనకనుంచి ఒక్కొక్కరం బదులిస్తాం.
అలా లెక్క తేలుతుంది: తొమ్మిది.

ఈసారి ఎనిమిదే.

రేకుల కొట్టు దగ్గర ఆగాం.
వేడి బెల్లం నీళ్ళలో జున్నుముక్క వేసి ఇచ్చింది కొట్టావిడ.
ఎవరూ తాగలేదు. గ్లాసులతో చేతులు కాచుకున్నాం.
సాక్సులు పిండుతూ ఎవరో మొదలుపెట్టిన జోకు
సగంలోనే నానిపోయింది.

చాలాసేపటికి కింది మలుపులోంచి
ఈల కాదు, తిట్లు.
నెపొముసేనో!
తెగిన గొలుసు దండలా మెడలో వేసుకుని
సైకిల్ తోసుకుంటూ
కొండనీ వాననీ మమ్మల్నీ
ఒకే ఊపిరిలో తిడుతున్నాడు.

అప్పుడు తాగాం.
అడుగున జున్ను కరిగి తీగలు సాగుతోంది.