తోడు

బయట మైనస్ ముప్పై ఎనిమిది.
ఊరు స్నానాలకి కాచుకున్న నీళ్లన్నీ
గొట్టాల్లో నాలుగు కిలోమీటర్లు నడిచి
నా దగ్గరికొచ్చేసరికి తొమ్మిది డిగ్రీలు.
ఆ తొమ్మిదే నా ఆస్తి.

రాత్రి డ్యూటీలో నేనూ, బ్లోయరు హోరూ,
ట్యాంకులో కంటికానని కోట్ల జనమూ.
వాళ్లని ఊళ్లో బురదంటారు.
మా ఆయనైతే ఆ మాటా అనడు,
సబ్బు చూపిస్తాడు.

సంజ్‌మ్యాతవ్ తాళాలిచ్చి వెళ్తూ చెప్పిందొకటే:
"అక్టోబరు దాటాక బురద తీసి పారెయ్యకు, దులమా.
చలికి వాళ్ల సంతు పెరగదు.
ఉన్నవాళ్లతోనే ఈదాలి."

ఈదుతున్నాను.
గాలి తగ్గిస్తే వాళ్లకి ఊపిరాడదు.
పెంచితే ఉన్న కాస్త వేడీ బుడగలెక్కి పోతుంది.
మరీ చిక్కబడితే అడుక్కి దిగక
అంచు పొర్లి సెలెంగెలో కలుస్తారు.
గునపంతో పట్టాల మీద మంచు కొడతాను.
మా పాత గెర్ మీంచి విప్పిన ఉన్ని కంబళ్లు
కాలువ మీద కప్పాను.
ఇంకా గొర్రె వాసనే వాటికి.
ఇక్కడ అది అత్తరు.

జనవరిలో ఒక రాత్రి
ఎగువ ఊరి ట్యాంకరు వచ్చి ఆగింది.
చోయిజిల్ దిగాడు, మీసాల్లో మంచు.
రెండ్రోజులు కరెంటు లేదట.
అక్కడ వాళ్లంతా పోయారట.
"కాస్త తోడు," అన్నాడు,
గిన్నె పట్టుకుని పొరుగింటి గుమ్మంలో నిలబడ్డట్టు.

చీకటి పడ్డాక పాలూ తోడూ గడప దాటకూడదు
అనేది అమ్మ,
తరగ్ గిన్నెని తన కోటులో చుట్టి
పక్కలో పడుకోబెట్టుకుంటూ.

వాల్వు తిప్పాను.
ఆరు ఘనపు మీటర్లు.
రిజిస్టర్లో రాయలేదు.

చలికాలం మమ్మల్ని చంపలేదు.
ఆ పనికి ఏప్రిల్ వచ్చింది.
వీధుల్లో మంచు కరిగి, మ్యాన్‌హోల్ కంతల్లోంచి దూరి
నీళ్లు నాలుగు డిగ్రీలకి జారాయి.
బయట జనం కోట్లు విప్పి
ఎండ ఎంత బాగుందో అనుకుంటున్నారు.

మైక్రోస్కోపు కింద
కాడ మీద గంటలా ఊగే ప్రాణులు
పోయిన వారం పదకొండు, ఇవాళ నాలుగు.
ఒకటి ముడుచుకుని ఉంది.
చలో, అలకో.
అమ్మోనియా ఇరవై ఏడు.
ఇది మాత్రం రిజిస్టర్లో రాశాను.

మధ్యాహ్నం చోయిజిల్ ఫోను.
"తోడుకుంది దులమా! ఇక్కడ బాగా తోడుకుంది.
మీ దగ్గరెలా ఉంది?"

"ఆగు," అన్నాను
లెన్సు మీంచి కన్ను తియ్యకుండా.